కాంక్రీట్ జాయిస్ట్ ఫ్లోర్ సెల్ఫ్ వెయిట్: మోడల్‌లో ఒక్కసారే, సరిగ్గా లెక్కపడాలంటే

ముందు నా మోడల్ ఒకదాని సంగతి చెప్తాను. జాయిస్ట్ ఫ్లోర్. అంటే పైన పల్చటి స్లాబ్, దాని కింద దగ్గరదగ్గరగా వరుసగా సన్నటి బీమ్‌లు (రిబ్‌లు) ఉండే రకం. సెల్ఫ్ వెయిట్, అంటే ఫ్లోర్ సొంత బరువు ఒక్కటే పెట్టి రన్ చేసి, కింద సపోర్టుల దగ్గర వచ్చిన మొత్తం రియాక్షన్‌ను చేత్తో వేసిన లెక్కతో పోల్చాను. తేడా అర శాతం. ఇంకేం కావాలి అనుకుని ఫైలు ముందుకు పంపేశాను. కొన్నాళ్లకు రిబ్ సైజు మారింది. వెడల్పు 125 మి.మీ. కాస్తా 200 అయింది, వాలు పక్కల ఫార్ముల (కాంక్రీట్ పోసే అచ్చుల) బదులు నిటారు పక్కలవి వచ్చాయి. సెక్షన్ మార్చి మళ్లీ రన్ చేస్తే తేడా 11 శాతం! ఏం పాడుచేశానా అని సగం రోజు వెతికాను. కొత్తగా నేను చేసిన తప్పేమీ లేదు. మొదటి మోడల్‌లోనే రెండు తప్పులున్నాయి. ఒకటి బరువు పెంచింది, ఇంకొకటి అంతే తగ్గించింది. సైజు మారగానే ఒక తప్పు మాయమైంది, రెండోది బయటపడింది.

ఆ రెండు తప్పులేమిటో దారిలో చెప్తాను. ఈ పనంతటికీ నేను పట్టుకునే సూత్రం ఒక్కటే. ఫ్లోర్‌లో ఉన్న ప్రతి కాంక్రీట్ ముక్క బరువుకూ మోడల్‌లో ఒకే ఒక్క యజమాని ఉండాలి. అది మెంబర్ (బీమ్‌లా గీతగా గీసేది) కావచ్చు, స్లాబ్ ఎలిమెంట్ కావచ్చు, మీరు చేత్తో ఇచ్చిన లోడ్ కావచ్చు. ఇద్దరు యజమానులుంటే బరువు రెండుసార్లు పడుతుంది, ఎవరూ లేకపోతే అసలు పడదు.

1. సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక లెక్క

ఈ మెట్టు దాటేసి నేరుగా మోడల్‌లోకి దూకేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో మొత్తం పనిలో విలువైన పది నిమిషాలు ఇవే. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెను పోల్చడానికి మీ దగ్గర వేరే అంకె ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా ఇదే వాడుకుందాం. మొత్తం లోతు 400 మి.మీ. అందులో పైన టాపింగ్ స్లాబ్ 75, దాని కింద రిబ్ 325. రిబ్ అడుగు వెడల్పు 125. రిబ్‌ల మధ్య అడుగున ఖాళీ 750, అంటే సెంటర్ టు సెంటర్ 875 మి.మీ. ఫార్ము తేలిగ్గా ఊడిరావడానికి పక్కలు వాలుగా ఉంటాయి, ప్రతి 12 మి.మీ. లోతుకు 1 మి.మీ. చొప్పున. ఆ వాలు వల్ల రిబ్ పైకి వచ్చేసరికి దాదాపు 179 మి.మీ. వెడల్పు అవుతుంది. సగటు 152.

ఈ కొలతలు అమెరికా కాంక్రీట్ కోడ్ ఏసీఐ 318 జాయిస్ట్ నిబంధనల్లో ఇముడుతాయి. రిబ్ కనీసం 100 మి.మీ. వెడల్పుండాలి, లోతు ఆ వెడల్పుకు మూడున్నర రెట్లు దాటకూడదు, మధ్య ఖాళీ 750 మించకూడదు, టాపింగ్ ఆ ఖాళీలో పన్నెండో వంతైనా ఉండాలి. భారత కోడ్ ఐఎస్ 456 వాడేవాళ్లకు హద్దులు వేరు: రిబ్ కనీసం 65 మి.మీ., సెంటర్ టు సెంటర్ దూరం 1.5 మీటర్ల లోపు, టాపింగ్ కాకుండా లోతు వెడల్పుకు నాలుగు రెట్ల లోపు.

ఇప్పుడు ఒక జాయిస్ట్‌కు దక్కే కాంక్రీట్ ఎంతో చూద్దాం:

టాపింగ్: 875 × 75 = 65,625 చ.మి.మీ.
రిబ్: 152.1 × 325 = 49,430 చ.మి.మీ. (దాదాపు)
మొత్తం: 1,15,050 చ.మి.మీ.

ఘనపు మీటరుకు 25 కి.న్యూ. (కిలోన్యూటన్లు) అనుకుంటే జాయిస్ట్ మీటరు పొడవుకు 2.88 కి.న్యూ. దాన్ని 0.875తో భాగిస్తే చదరపు మీటరుకు 3.29 కి.న్యూ. ఈ అంకెను ఒక కాగితం మీద పెద్దగా రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.

అదే లెక్కలో వాలును వదిలేసి రిబ్‌ను 125 వెడల్పున్న దీర్ఘచతురస్రం అనుకుంటే 3.04 వస్తుంది. చూడ్డానికి చిన్న వాలే, కానీ బరువులో దాదాపు 8 శాతం అక్కడే పోయింది. నా మొదటి తప్పు ఇదే.

2. డెన్సిటీ: డిఫాల్ట్‌ను నమ్మొద్దు

రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్‌కు ఐఎస్ 456 చెప్పేది 25. యూరోకోడ్‌లో మామూలు కాంక్రీట్‌కు 24, స్టీల్ కోసం ఇంకో 1 కలిపితే 25. అమెరికా పద్ధతిలో ఘనపు అడుగుకు 150 పౌండ్లు వాడతారు. దాన్ని మారిస్తే 23.56. ఏ దేశపు యూనిట్లతో ఫైలు మొదలుపెట్టారో దాన్నిబట్టి మెటీరియల్ డిఫాల్ట్ మారుతుంది, ఈ 23.56 అంకె మెట్రిక్ ఫైళ్లలోకి కూడా నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటుంది. 25కూ దానికీ తేడా 6 శాతం.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. మెటీరియల్ విండోలో వెయిట్ డెన్సిటీ, మాస్ డెన్సిటీ రెండూ కనిపిస్తాయి. 2,400 కిలోల మాస్ ఇస్తే బరువు 23.5 అవుతుంది, 24 కాదు. 25 కావాలంటే మాస్ 2,548 కిలోలు ఉండాలి. ఒకటి మార్చాక రెండోది దానంతటదే మారిందో లేదో చూడండి. మారకపోతే డెడ్ లోడ్ ఒక డెన్సిటీతో, భూకంపం లెక్క ఇంకో డెన్సిటీతో నడుస్తుంది.

3. మోడల్ ఎలా గీయాలి

దారులు మూడు. దేనికి దాని చోటు ఉంది.

*మొదటి దారి: జాయిస్ట్‌లు మెంబర్లుగా, టాపింగ్ స్లాబ్‌గా.* ఫ్లోర్‌ను డిజైన్ చేయాలంటే నేను ఎంచుకునేది ఇదే. డబుల్ కౌంటింగ్ ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

డిజైన్‌కు టీ సెక్షన్ కావాలి కాబట్టి చాలామంది జాయిస్ట్‌ను 875 ఫ్లాంజ్ (టీ పై అడ్డపట్టీ) ఉన్న టీగా నిర్వచిస్తారు. పైన 75 మి.మీ. షెల్ (స్లాబ్ ఎలిమెంట్) కూడా గీస్తారు. ఇప్పుడు టాపింగ్‌కు యజమానులు ఇద్దరు. టీ 1,15,050, షెల్ మళ్లీ 65,625. చదరపు మీటరుకు 3.29 రావాల్సిన చోట 5.16 వస్తుంది. అంటే 57 శాతం ఎక్కువ. ఇంత పెద్ద తప్పు కాబట్టి ఎవరో ఒకరి కంట పడుతుంది, అది కాస్త నయం.

కంట పడనిది వేరే ఉంది. జాయిస్ట్‌ను 125 × 400 దీర్ఘచతురస్రంగా, మొత్తం లోతుతో గీసి, పైన 75 షెల్ పెట్టడం. ఇందులో 125 × 75 ముక్క, అంటే 9,375 చ.మి.మీ., రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. వాలు వదిలేయడం వల్ల పోయింది దాదాపు 8,800. ఎక్కువైంది, తక్కువైంది దాదాపు సమానం! మొత్తం 1,15,625. నిజమైన దానికి అర శాతం తేడా. నా మొదటి మోడల్ అలాగే పాసైపోయింది. రిబ్ 200కు మారి పక్కలు నిటారుగా అయ్యాక వాలు అనేదే లేదు, కానీ రెండుసార్లు లెక్కపడ్డ ముక్క 15,000 చ.మి.మీ. అయింది. మధ్య ఖాళీ 750 అలాగే ఉంది కాబట్టి సెంటర్ టు సెంటర్ 950, అసలు విస్తీర్ణం 1,36,250. అదే ఆ 11 శాతం.

దీన్ని సరిచేయడానికి మూడు మార్గాలు:

టీ సెక్షన్ ఉంచి, స్లాబ్‌ను బరువు లేకుండా చేయడం. స్లాబ్ ప్రాపర్టీలో వెయిట్ మాడిఫయర్ (బరువును గుణించే అంకె) 0 పెట్టాలి, మాస్ మాడిఫయర్ కూడా 0. స్లాబ్ పని ఇక లోడ్ పంచడం మాత్రమే. చివరి జాయిస్ట్‌ల దగ్గర జాగ్రత్త. అంచున ఉన్నదానికి ఫ్లాంజ్ ఒకవైపే ఉంటుంది, అక్కడ కూడా పూర్తి టీ ఇస్తే ఫ్లోర్ అంచు దాటి గాలిలో కాంక్రీట్ వేలాడుతుంది.

లేదా దీర్ఘచతురస్రం ఉంచి, దాని వెయిట్ మాడిఫయర్‌ను సరిచేయడం. స్లాబ్ కింద ఉన్న అసలు రిబ్ విస్తీర్ణాన్ని గీసిన సెక్షన్ విస్తీర్ణంతో భాగించాలి. మన ఉదాహరణలో 49,430 ÷ 50,000 = 0.99. మారిన రిబ్‌కైతే 65,000 ÷ 80,000 = 0.81.

లేదా స్లాబ్ కింది భాగాన్ని మాత్రమే 325 లోతు సెక్షన్‌గా గీసి, ఆఫ్‌సెట్‌తో కిందికి దించడం. బరువు మాటకొస్తే ఇదే అన్నిటికన్నా శుభ్రం, ఏ మాడిఫయరూ అక్కర్లేదు. కానీ ఆఫ్‌సెట్ వల్ల జాయిస్ట్‌లో టెన్షన్, స్లాబ్‌లో కంప్రెషన్ వస్తాయి. డిజైన్ మొమెంట్ (జాయిస్ట్‌ను వంచే బలం) కావాలంటే రెండింటినీ కలిపి చూడాలి. జాయిస్ట్ మొమెంట్ ఒక్కటే తీసుకుని స్టీల్ వేస్తే కొంప మునుగుతుంది.

మీ సాఫ్ట్‌వేర్ బీమ్, స్లాబ్ కలిసే భాగాన్ని తానే తీసేస్తుందా? ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కోలా చేస్తుంది, వెర్షన్ మారితే కూడా మారొచ్చు. మాన్యువల్ వెతకడం కన్నా ఆరో మెట్టులోని చిన్న పరీక్ష చేయడం వేగం.

*రెండో దారి: రిబ్‌డ్ స్లాబ్ ప్రాపర్టీ.* ఈటాబ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్లాబ్ రకాల్లో రిబ్‌డ్, వాఫిల్ ఉన్నాయి. మొత్తం లోతు, స్లాబ్ మందం, రిబ్ పైవెడల్పు, అడుగువెడల్పు, దూరం, దిశ ఇస్తే బరువు అదే వేసుకుంటుంది. పైవెడల్పు వేరుగా అడుగుతుంది కాబట్టి వాలు కూడా లెక్కలోకి వస్తుంది. రిబ్ దిశ మాత్రం స్లాబ్ లోకల్ యాక్సిస్ మీద ఆధారపడుతుంది. ఆ యాక్సిస్ తిరిగి ఉంటే రిబ్ దిశ కూడా అడ్డం తిరుగుతుంది. యాక్సిస్ బాణాలు ఆన్ చేసి ఒక్కో ప్యానెల్ చూసుకోండి. భవనం మొత్తం మోడల్‌కు, కాలమ్ లోడ్లకు, భూకంపం లెక్కకు ఈ దారి చాలు. ప్రతి రిబ్‌నూ గీసి వేల మెంబర్లు నింపే ఓపిక నాకైతే లేదు.

*మూడో దారి: అదే బరువున్న సాదా స్లాబ్.* 3.29ను 25తో భాగిస్తే దాదాపు 131.5 మి.మీ. ఆ మందంతో స్లాబ్ గీస్తే బరువు సరిగ్గా వస్తుంది. గట్టిదనం మాత్రం రాదు. మన టీ సెక్షన్ మొమెంట్ ఆఫ్ ఇనర్షియా లెక్కేస్తే సుమారు 148 కోట్ల మి.మీ.⁴, అదే వెడల్పున్న 131.5 మి.మీ. స్లాబ్‌ది 16.6 కోట్లు. దాదాపు 9 రెట్ల తేడా. అలాగే వదిలేస్తే డిఫ్లెక్షన్ (ఫ్లోర్ కిందికి వంగడం) తొమ్మిదింతలు చూపిస్తుంది, చూసినవాళ్లకు చెమటలు పడతాయి. రిబ్ దిశలో బెండింగ్ మాడిఫయర్ 8.9, అడ్డదిశలో టాపింగ్ ఒక్కటే పనిచేస్తుంది కాబట్టి 0.19 ఇవ్వాలి. వెయిట్ మాడిఫయర్ మాత్రం 1 దగ్గరే ఉండనివ్వండి. ఇక్కడ మందం ఎంచుకున్నదే బరువు కోసం.

మందాన్ని 400 అని ఇచ్చి, తర్వాత బరువు తగ్గిద్దాంలే అనుకునేవాళ్లూ ఉన్నారు. తగ్గించడం మర్చిపోతే చదరపు మీటరుకు 10 కి.న్యూ. అసలు బరువుకు మూడింతలు!

4. లోడ్ కేసులో మల్టిప్లయర్

ఈటాబ్స్ లాంటి వాటిలో ప్రతి లోడ్ ప్యాటర్న్‌కు సెల్ఫ్ వెయిట్ మల్టిప్లయర్ ఉంటుంది. డెడ్ అనే ప్యాటర్న్‌కు 1, మిగతా అన్నిటికీ 0. ఫ్లోర్ ఫినిష్, పార్టిషన్ల కోసం ఇంకో డెడ్ లోడ్ ప్యాటర్న్ పెట్టుకుని, దానికీ 1 ఇచ్చేస్తే కాంబినేషన్లలో భవనం మొత్తం బరువు రెట్టింపు అవుతుంది. సెల్ఫ్ వెయిట్‌లో జరిగే తప్పుల్లో బహుశా ఇదే అన్నిటికన్నా పాతది.

స్టాడ్ ప్రో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో సెల్ఫ్‌వెయిట్ కమాండ్‌ను వై దిశలో మైనస్ 1తో ఇస్తారు. లిస్టు ఇవ్వకపోతే అన్ని మెంబర్లకూ ప్లేట్లకూ వర్తిస్తుంది. నిలువు యాక్సిస్‌గా జెడ్ పెట్టుకున్న ఫైల్లో అలవాటుగా వై అని కొడితే బరువంతా పక్కకు తోస్తుంది. ఇంకో సంగతి, స్టాడ్‌లో ఫ్లోర్ లోడ్, వన్‌వే లోడ్ అనేవి కేవలం లోడ్లు. అక్కడ స్లాబ్ అనే వస్తువే లేదు, దానికి సెల్ఫ్ వెయిట్ ఉండదు. ప్లేట్లు గీయకుండా వన్‌వే లోడ్ వాడుతుంటే టాపింగ్ బరువు (0.075 × 25 = 1.88) మీరే ఇవ్వాలి. అప్పుడు జాయిస్ట్‌కు రిబ్ బరువే ఉండాలి, టీ బరువు కాదు.

5. సెక్షన్‌లో కనిపించని ముక్కలు

జాయిస్ట్ ఫ్లోర్ అంతటా ఒకే సెక్షన్ ఉండదు. బీమ్‌ల దగ్గర షియర్ (కోత బలం) కోసం కొంత దూరం ఖాళీ లేకుండా కాంక్రీట్ నింపేస్తారు. ఆ పట్టీలో బరువు 3.29 కాదు, 10. అంటే చదరపు మీటరుకు అదనంగా 6.71. మన ఫ్లోర్ 9 మీ. స్పాన్, 7 మీ. వెడల్పు (875 మి.మీ. చొప్పున 8 ఖానాలు) అనుకుందాం. రెండు చివర్లా 300 మి.మీ. నింపితే 2 × 0.3 × 7 × 6.71 = 28.2 కి.న్యూ. మొత్తం ఫ్లోర్ బరువు 3.29 × 63 = 207 దగ్గర ఉంటే, దానికి ఇది పదమూడు శాతం పైమాటే. దీన్ని ఆ పట్టీ మీద ఏరియా లోడ్‌గా ఇవ్వొచ్చు, లేదా అక్కడ 400 మి.మీ. స్లాబ్ వేరుగా గీయొచ్చు. గీస్తే మాత్రం ఆ పొడవులో జాయిస్ట్ బరువు తీసేయాలి, లేకపోతే మళ్లీ ఇద్దరు యజమానులు.

ఈ బరువు స్పాన్ మధ్య మొమెంట్‌ను పెద్దగా పెంచదు, ఊతం పక్కనే ఉంది కదా. కానీ బీమ్‌కు, కాలమ్‌కు, ఫుటింగ్‌కు పూర్తిగా చేరుతుంది.

స్పాన్ మధ్యలో అడ్డంగా వేసే డిస్ట్రిబ్యూషన్ రిబ్ చిన్నది. 100 మి.మీ. వెడల్పుదైతే ఒక్కో ఖానాలో 0.1 × 0.325 × 0.723 × 25 = 0.59 కి.న్యూ. జాయిస్ట్ మధ్యలో పాయింట్ లోడ్‌గా ఇస్తే సరి. ఫ్లోర్ అంతా పరిస్తే చదరపు మీటరుకు 0.07 మాత్రమే.

రిబ్‌ల మధ్య శాశ్వతంగా ఉండిపోయే హాలో బ్లాకులుంటే వాటి బరువు తయారీదారు ఇచ్చే అంకెతో వేరే ఏరియా లోడ్‌గా ఇవ్వండి. థర్మోకోల్ దిమ్మలైతే పట్టించుకోనక్కర్లేదు.

బీమ్ జాయింట్లు ఇంకొకటి. మోడల్‌లో జాయిస్ట్ బీమ్ మధ్యరేఖ దాకా వెళ్తుంది. 400 మి.మీ. బీమ్ అయితే ప్రతి చివరా 200 మి.మీ. జాయిస్ట్ బీమ్ లోపల దూరి, అక్కడి కాంక్రీట్ రెండోసారి లెక్కకొస్తుంది. కొన్ని ప్రోగ్రాముల్లో సెల్ఫ్ వెయిట్‌ను పూర్తి పొడవు మీద వేయాలా, లోపలి పొడవు మీద వేయాలా అని అడిగే ఆప్షన్ ఉంటుంది. లేకపోతే నేనైతే వదిలేస్తాను, తేడా చిన్నది, భద్రత వైపే ఉంటుంది. మీ చేతి లెక్క మోడల్‌తో సరిపోలనప్పుడు మాత్రం ఈ సంగతి గుర్తుండాలి.

ప్రీకాస్ట్ జాయిస్ట్‌ల మీద సైట్‌లో టాపింగ్ పోసే ఫ్లోర్లయితే కథ వేరు. కింద సపోర్టులు పెట్టకుండా పోస్తే, ఆ తడి కాంక్రీట్ బరువు మోసేది ఒంటరి జాయిస్టే, టీ సెక్షన్ కాదు. యూరోకోడ్ ప్రకారం తడి కాంక్రీట్ డెన్సిటీకి ఇంకో 1 కలపాలి కూడా. సెల్ఫ్ వెయిట్‌ను పూర్తయిన టీ మీద వేసే మామూలు మోడల్ ఇక్కడ తప్పు జవాబు ఇస్తుంది. జాయిస్ట్ ఒక్కటే ఉన్న దశను వేరే ఫైల్లో చెక్ చేయాలి.

6. చిన్న పరీక్ష మోడల్

అసలు ఫైలు పక్కన పెట్టి కొత్తది తెరవండి. ఒక ఖానా, రెండు జాయిస్ట్‌లు, మధ్యలో 875 మి.మీ. స్లాబ్, పొడవు 9 మీ., చివర్లలో సపోర్టులు, బీమ్‌లు వద్దు. వాడబోయే సెక్షన్లు, మాడిఫయర్లే పెట్టండి. సెల్ఫ్ వెయిట్ మాత్రమే రన్ చేయండి. రిబ్ కింది భాగం రెండుసార్లు, టాపింగ్ ఒకసారి ఉండాలి:

(2 × 0.04943 + 0.065625) × 9 × 25 = 37.0 కి.న్యూ.

టీ పద్ధతి అయితే ఇక్కడ రెండూ అంచు జాయిస్ట్‌లే. ఒక్కోదానికి సగం ఫ్లాంజ్ ఇస్తేనే ఈ అంకె వస్తుంది. రాకపోతే వచ్చిన తేడాను 9తో, 25తో భాగించండి. వచ్చిన విస్తీర్ణం ఏ ముక్కదో చూస్తే దొంగ దొరుకుతాడు. 0.0188 ఎక్కువుంటే అది రెండు జాయిస్ట్‌ల 125 × 75. 0.0656 ఎక్కువుంటే మొత్తం టాపింగ్ రెండోసారి పడింది. 0.0176 తక్కువుంటే వాలు మర్చిపోయారు. నేను ఆ రోజు ఈ పరీక్ష చేసి ఉన్నా బయటపడేది కాదు, ఎక్కువా తక్కువా కలిసిపోయేవి. అందుకే ఇప్పుడు రెండుసార్లు చేస్తాను: ఒకసారి స్లాబ్ బరువు సున్నా చేసి, ఒకసారి జాయిస్ట్ బరువు సున్నా చేసి. ఒక్కోటీ విడివిడిగా సరిపోవాలి. నా మోడల్‌లోలా రెండు తప్పులూ జాయిస్ట్‌లోనే ఉంటే ఇదీ చాలదు (50,000కూ 49,430కూ తేడా 1 శాతమే), అందుకే గీసిన లోతును, పక్కల వాలును కూడా కాగితం మీది కొలతలతో విడిగా పోలుస్తాను.

మొత్తం సరిపోయినా బరువు సరైన దారిలో వెళ్తోందని గ్యారంటీ లేదు. స్లాబ్ వన్‌వే దిశను జాయిస్ట్‌లకు సమాంతరంగా పెట్టేస్తే టాపింగ్ బరువు నేరుగా చివరి బీమ్‌ల మీదకు పోతుంది, జాయిస్ట్‌లు హాయిగా ఉంటాయి. రియాక్షన్ల మొత్తం మాత్రం అణువంతైనా మారదు. కాబట్టి అసలు మోడల్‌లో మధ్యలో ఉన్న ఒక జాయిస్ట్ మొమెంట్ చూడండి. సింప్లీ సపోర్టెడ్ అయితే 2.88 × 9 × 9 ÷ 8 = 29 కి.న్యూ.మీ. దగ్గర ఉండాలి, డిస్ట్రిబ్యూషన్ రిబ్ పాయింట్ లోడ్ పెట్టి ఉంటే ఇంకో 1.3. పది, పదిహేను వస్తే లోడ్ దారి తప్పినట్టే. ఆఫ్‌సెట్ పద్ధతిలో జాయిస్ట్ మొమెంట్ ఒక్కటే చూస్తే సహజంగానే తక్కువ కనిపిస్తుంది, అక్కడ స్లాబ్ వాటా కూడా కలపాలి.

7. భూకంపం లెక్కలో మాస్

డెడ్ లోడ్ సరిచేసి ఊపిరి పీల్చుకునే లోపు ఇది ఒకటి ఉంది. ఈటాబ్స్ మాస్ సోర్స్‌లో ఎలిమెంట్ల సొంత మాస్ అనే టిక్, లోడ్ ప్యాటర్న్‌ల నుంచి అనే టిక్ రెండూ ఉంటాయి. రెండూ పెట్టి, ప్యాటర్న్‌లలో సెల్ఫ్ వెయిట్ ఉన్న డెడ్‌ను కూడా కలిపితే ఫ్లోర్ మాస్ రెట్టింపవుతుంది. లోడ్ల నుంచి మాస్ తీసుకుంటుంటే మొదటి టిక్ తీసేయండి. సొంత మాస్ వాడుతుంటే వెయిట్ మాడిఫయర్ మార్చిన ప్రతిచోటా మాస్ మాడిఫయర్ కూడా మార్చారో లేదో చూడండి. స్టోరీ మాస్ టేబుల్‌లోని అంకెను 9.81తో గుణించి, ఆ అంతస్తు డెడ్ లోడ్‌తో పోలిస్తే నిమిషంలో తేలిపోతుంది.

8. రిబ్ సైజు మారినప్పుడు

మాడిఫయర్ అనేది మీరు టైప్ చేసిన అంకె. సెక్షన్ మారితే అది మారదు. 125 రిబ్‌కు పెట్టిన 0.99, రిబ్ 200 అయినా 0.99గానే ఉంటుంది, ఉండాల్సింది 0.81. అందుకే సెక్షన్ పేరులోనే ఆ అంకె పెట్టుకుంటాను, "జాయిస్ట్ 125×400 వెయిట్ 0.99" అని. కొత్త సైజు రాగానే పేరు మార్చాల్సి వస్తుంది, మార్చేటప్పుడు ఆ 0.99 కళ్లముందే ఉంటుంది. ఆరో మెట్టులోని పరీక్ష ఫైలును కూడా ప్రాజెక్ట్ ఫోల్డర్లోనే ఉంచుతాను. కొత్త కొలతలు పెట్టి మళ్లీ రన్ చేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.